బ్యాట్ ఇన్సులేషన్ సరిగ్గా పెట్టాలంటే: కాగితం ఎటువైపు, ఎంత నొక్కాలి, ముందేం చేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. చెక్క ఫ్రేమ్ గోడల ఇల్లు. గోడల్లో స్టడ్‌ల (నిలువు చెక్కల) మధ్య, పైన అటకలో బ్యాట్‌లు, అంటే వేడిని ఆపే గాజు ఉన్ని లేదా రాతి ఉన్ని పరుపు ముక్కలు, మీరే పెట్టుకుంటున్నారు. గోడ లోతు మూడున్నర అంగుళాలే కాబట్టి ఆరంగుళాల బ్యాట్ తెచ్చి నొక్కి పెడితే ఎక్కువ లాభమా? బ్యాట్‌కి ఒక పక్క అంటించి వచ్చే కాగితం ఏ వైపుకి రావాలి? ఒక గోడ ఇప్పటికే పెట్టేశారు, అక్కడక్కడా సందులు కనిపిస్తున్నాయి. విప్పాలా, వదిలేయాలా?

సూటిగా చెప్తాను. గోడ లోతు ఎంతో అంత మందం బ్యాటే తీసుకోండి, నొక్కి పెట్టకండి. కాగితం చలికాలంలో వెచ్చగా ఉండే వైపుకి రావాలి. అంటే చలి ప్రాంతంలో గది వైపుకి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఏసీ నడిచే ఉక్కపోత ప్రాంతమైతే కాగితం లేని బ్యాటే వాడండి. సందులున్న గోడను ఇప్పుడే సరిచేయండి, గోడ లోపలి ముఖాన్ని కప్పే జిప్సం బోర్డు బిగించాక ఆ అవకాశం ఉండదు. అయితే వీటన్నిటికంటే ముందు ఒక పని ఉంది: గాలి దూరే కంతలన్నీ మూయడం. బ్యాట్ గాలిని ఆపదు. గాలి దానిలోంచి వెళ్ళిపోతుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. గాజు ఉన్నిలో వేడిని అడ్డుకునేది గాజు కాదు, పోగుల మధ్య కదలకుండా ఇరుక్కున్న గాలి. ఆ గాలి నిశ్చలంగా ఉన్నంతసేపే బ్యాట్ పనిచేస్తుంది. గోడ అడుగున దూరిన చల్లగాలి పైన వైరు కంతలోంచి అటకలోకి పోతుంటే, మధ్యలో ఉన్న బ్యాట్ ఒక జల్లెడ మాత్రమే. పాత అటకల్లో బ్యాట్ ఎత్తి చూస్తే కింది వైపు అక్కడక్కడా బొగ్గు పూసినట్టు నల్లటి మచ్చలుంటాయి. చూడగానే బూజు అనుకుంటారు. చాలాసార్లు అది ఇంట్లోంచి పైకి పోయే గాలి ఏళ్ళ తరబడి వడగట్టి వదిలిన దుమ్ము. ఎక్కడ మచ్చ ఉందో సరిగ్గా దాని కింద కంత ఉంటుంది. పాత బ్యాట్ మారుస్తుంటే ఆ మచ్చల్ని గుర్తు పెట్టుకోండి, ఎక్కడ మూయాలో అవే చెప్తాయి.

ముందు మూయాల్సినవి. గోడ పై ప్లేట్‌లో, కింది ప్లేట్‌లో (స్టడ్‌ల పైనా కిందా అడ్డంగా ఉండే చెక్కల్లో) వైర్ల కోసం, పైపుల కోసం తొలిచిన ప్రతి రంధ్రం. కింది ప్లేటుకీ నేలకీ మధ్య గీత. బాత్‌టబ్ వెనక గోడ. మెట్ల కింది గోడ. సీలింగు కొంత కిందికి దించి కట్టిన చోట పైన తెరిచి వదిలేసిన డబ్బా లాంటి ఖాళీలు. పావు అంగుళం లోపు సందుకు సీలెంట్ చాలు. అంతకంటే పెద్దదానికి ఫోమ్ డబ్బా (కొట్టాక ఉబ్బి గట్టిపడే నురుగు). చెయ్యి పట్టేంత ఖాళీ అయితే ప్లైవుడ్ ముక్కో ఫోమ్ బోర్డో కోసి బిగించి, దాని అంచుల చుట్టూ ఫోమ్ కొట్టాలి. పొగగొట్టం చుట్టూ మాత్రం మామూలు ఫోమ్ వాడకూడదు. అక్కడ రేకు కోసి పెట్టి, అధిక వేడిని తట్టుకునే సీలెంట్‌తో అంచు మూయాలి. పొగగొట్టానికీ బ్యాట్‌కీ మధ్య తయారీదారు చెప్పిన దూరం వదలాలి, ఆ ఖాళీలోకి ఉన్ని జారకుండా రేకుతో చిన్న చుట్టు కట్టాలి.

కిటికీ చట్రానికీ ఫ్రేముకీ మధ్య సందులో స్క్రూడ్రైవర్‌తో గాజు ఉన్ని కుక్కడం చాలాచోట్ల చూస్తాం. గట్టిగా కుక్కిన ఉన్ని వేడినీ సరిగ్గా ఆపదు, గాలినీ ఆపదు. అక్కడ తక్కువగా ఉబ్బే ఫోమ్ వాడండి. ఎక్కువగా ఉబ్బేది కొడితే చట్రం వంగి కిటికీ తలుపు పట్టేస్తుంది.

ఇప్పుడు మందం సంగతి. ప్యాకెట్ మీద రాసిన ఆర్ విలువ (వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, ఎక్కువైతే మేలు), ఆ బ్యాట్ పూర్తిగా ఉబ్బి ఉన్నప్పటిది. ఆర్-19 బ్యాట్ అసలు మందం ఆరుంపావు అంగుళాలు. 2 బై 6 చెక్కలతో కట్టిన గోడ లోతు ఐదున్నర అంగుళాలు కాబట్టి అందులో పెడితేనే అది సుమారు ఆర్-18కి దిగుతుంది. మీ మూడున్నర అంగుళాల గోడలో నొక్కితే ఆర్-13 దగ్గర ఆగుతుంది. అంటే నేరుగా ఆర్-13 బ్యాట్ కొంటే వచ్చేదే. నొక్కినకొద్దీ అంగుళానికి వచ్చే విలువ కొంచెం పెరుగుతుంది, కానీ అంగుళాలే తగ్గిపోవడంతో మొత్తం పడిపోతుంది. పైగా నొక్కిన బ్యాట్ వెనక్కి తన్నుతూ జిప్సం బోర్డును తోస్తుంది, స్క్రూల దగ్గర బోర్డు ఉబ్బుతుంది. అదే మూడున్నర అంగుళాల్లో ఎక్కువ విలువ కావాలంటే సాంద్రత ఎక్కువున్న ఆర్-15 బ్యాట్ దొరుకుతుంది, గాజు ఉన్నిలోనూ రాతి ఉన్నిలోనూ. పెట్టాల్సిన ఖర్చేదో దాని మీద పెట్టండి.

వెడల్పు కూడా చూసుకోవాలి. స్టడ్‌లు మధ్య నుంచి మధ్యకి 16 అంగుళాలైతే వాటి నడుమ ఖాళీ పద్నాలుగున్నర. దానికి 15 అంగుళాల బ్యాట్. 24 అంగుళాలైతే ఖాళీ ఇరవై రెండున్నర, బ్యాట్ 23. ఆ అరంగుళం ఎక్కువ కావాలనే ఇస్తారు. అదే రెండు పక్కలా స్టడ్‌ని ఒత్తి బ్యాట్‌ని నిలబెడుతుంది. ఇనుప స్టడ్‌లైతే లెక్క వేరు. ఒక పక్క సి ఆకారంలో తెరిచి ఉంటుంది కాబట్టి, ఆ లోపలి దాకా పోయేలా పూర్తి 16 లేదా 24 అంగుళాల వెడల్పువి కొనాలి. చెక్క గోడకని చేసిన 15 అంగుళాలది తెచ్చి ఇనుప ఫ్రేమ్‌లో పెడితే జారి కింద కూలబడుతుంది. ఇంకో మాట. ఇనుము వేడిని సులువుగా దాటిస్తుంది. 16 అంగుళాలకొకటి చొప్పున ఇనుప స్టడ్‌లున్న గోడలో ఆర్-13 బ్యాట్ ఎంత శ్రద్ధగా పెట్టినా గోడ మొత్తమ్మీద పనిచేసేది ఆర్-6 దగ్గరే. అలాంటి గోడకు బయటివైపు ఫోమ్ బోర్డు పొర లేకుండా లాభం లేదు.

సందు ఎంత నష్టం చేస్తుందో ఒకసారి లెక్క వేద్దాం, ఎందుకంటే "చిన్న సందే కదా" అన్న మాటే పని మొత్తం పాడుచేస్తుంది. అటకలో ఆర్-38 బ్యాట్ పరిచారు. నూటికి 5 వంతులు ఖాళీగా మిగిలింది. ఆ ఖాళీలో సీలింగు బోర్డూ దాన్ని అంటుకున్న గాలి పొరలూ కలిపి ఆర్-2 అనుకుందాం. 95 వంతుల్లోంచి పోయే వేడి 0.95 బై 38, అంటే 0.025. 5 వంతుల్లోంచి 0.05 బై 2, అదీ 0.025. రెండూ సమానం! కలిపితే 0.05, అంటే మొత్తం సీలింగు ఆర్-20 లెక్కన పనిచేస్తోంది. కొన్నదాంట్లో దాదాపు సగం పోయింది. ఖాళీ 2 వంతులే అయినా ఆర్-28కి దిగుతుంది. ఇక 5 వంతులంటే కంటికి ఎంత కనిపిస్తుంది? పద్నాలుగున్నర అంగుళాల వెడల్పు ఖాళీలో, ఒక పక్కగా పొడవునా ముప్పావు అంగుళం సందు. అంతే. బొటనవేలు పట్టే సందు.

కాబట్టి గోడలో ఒక్క అర, అంటే రెండు స్టడ్‌ల మధ్య ఖాళీ, ఎలా నింపాలో వివరంగా చెప్తాను. ఒక అర బాగా వస్తే మిగతావి అదే చేతితో వస్తాయి.

మూట విప్పి బ్యాట్‌ని రెండు చేతులతో పట్టుకుని ఒకసారి దులపండి. మూటలో నలిగి ఉన్నది కాసేపటికి ఉబ్బి అసలు మందానికి వస్తుంది. వాడబోయే మూటనే విప్పండి, మిగతావి పొడిచోట మూసే ఉంచండి. ఖాళీ ఎత్తు టేపుతో పైనుంచి కిందికి కొలవండి. ప్రతి అరనీ విడిగా కొలవాలి. స్టడ్‌లు ఒకే పొడవున్నా మధ్యలో అడ్డచెక్కలు వస్తాయి. 8 అడుగుల గోడలకని వచ్చే బ్యాట్ 93 అంగుళాలు, మామూలుగా స్టడ్ పొడవు 92 అంగుళాల మీద ఐదు బై ఎనిమిది. అది కోయకుండానే సరిపోతుంది. కోయాల్సి వస్తే గాజు ఉన్ని అరంగుళం ఎక్కువ ఉంచి కోయండి. రాతి ఉన్ని గట్టిగా ఉంటుంది, దానికి పావు అంగుళం చాలు. అంగుళానికి మించి ఎక్కువ ఉంచితే బ్యాట్ మధ్యలో విల్లులా వంగి వెనక ఖాళీ మిగులుతుంది.

కోతకి నేల మీద ఒక ప్లైవుడ్ ముక్క వేసుకోండి. కోయాల్సిన గీత మీద సన్నటి చెక్కపట్టీ పెట్టి, మోకాలితో బలంగా అదిమి, బ్యాట్ పలచబడ్డాక పట్టీ అంచు వెంట కట్టర్ ఒక్కసారి లాగండి. కాగితం ఉంటే అది కిందికి ఉండాలి, ఉన్ని వైపు నుంచి కోయాలి. అదమకుండా గాల్లో రంపంలా కోస్తే అంచు చింపిరిగా వస్తుంది, ఆ చింపిరి అంచే తర్వాత సందు అవుతుంది. కట్టర్ బ్లేడు త్వరగా మొద్దుబారుతుంది, మార్చడానికి వెనకాడకండి. రాతి ఉన్నికి పళ్ళున్న పొడవాటి కత్తి. రొట్టె కోసే కత్తి లాంటిది బాగా తెగుతుంది, అదమాల్సిన పని లేదు.

ఇప్పుడు పెట్టడం. పై అంచు ముందు పైమూలకి ఆనించండి, తర్వాత కింది అంచు, ఆఖరున మధ్యభాగం లోపలికి. అరచేత్తో వెనక గోడ తగిలేదాకా రెండు అంచుల వెంటా తోయండి. ఇక్కడ ఆగిపోతే పని సగమే అయినట్టు. తోసినప్పుడు అంచులు లోపలికి ముడుచుకుని మూలలు గుండ్రంగా మారతాయి. అందుకని వెనక దాకా తోసిన తర్వాత అంచుల్ని వేళ్ళతో పట్టి మెల్లగా ముందుకి లాగాలి, బ్యాట్ ముఖం స్టడ్ ముఖంతో సమతలంగా వచ్చేదాకా. నాలుగు మూలల్లో వేలు పెట్టి చూడండి, మెత్తగా ఉన్ని తగలాలి. చెక్క తగిలితే ఆ మూల ఖాళీ. బ్యాట్ ఆరు వైపులా, అంటే పైన, కింద, రెండు పక్కలా, వెనక, ముందు, దేన్నో ఒకదాన్ని ఆనుకుని ఉండాలి. ముందువైపు అది ఆనేది జిప్సం బోర్డుని. బోర్డుకీ బ్యాట్‌కీ మధ్య అరంగుళం ఖాళీ ఉన్నా ఆ సందులో గాలి పైకీ కిందకీ తిరుగుతూ వేడిని మోస్తుంది.

వైర్లు వచ్చినచోట జనం తప్పుచేసే తీరు ఒక్కటే: బ్యాట్‌ని వైరు ముందునుంచి అలాగే నొక్కేస్తారు. వైరు దగ్గర బ్యాట్ నలిగి, దాని వెనక పైనుంచి కిందదాకా ఒక గూడు ఖాళీగా ఉండిపోతుంది. చేయాల్సింది బ్యాట్‌ని మందంలో రెండుగా చీల్చడం. వైరు ఎంత ఎత్తున ఉందో ఆ ఎత్తులో, గోడలో అది ఎంత లోతున ఉందో అంత లోతున. గాజు ఉన్ని పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి చేత్తో సులువుగా చీలుతుంది. వెనక సగం వైరు వెనక్కి, ముందు సగం వైరు ముందుకి. రాతి ఉన్ని అలా చీలదు, వెనకవైపు నుంచి వైరు కూర్చునేంత లోతు గాటు పెట్టండి. గోడలో ఉన్న వైరు మీద కత్తి ఆడించొద్దు, కోసేదంతా నేలమీదే కోయండి.

స్విచ్ పెట్టెల దగ్గర కూడా అంతే. బ్యాట్‌ని పెట్టె మీద వేసి నొక్కితే పెట్టె చుట్టూ చెయ్యెడు ఖాళీ వస్తుంది. పెట్టె ఎత్తూ పక్కా కొలిచి, బ్యాట్ ముందు భాగంలో ఆ కొలతకి ముక్క తీసేయండి. వెనక భాగం పెట్టె వెనక్కి వెళ్ళాలి. తీసిన ముక్కలో పలచటి పొర ఒకటి చీల్చి పెట్టె వెనక పెట్టొచ్చు. పెట్టెకీ బోర్డుకీ మధ్య గీతను తర్వాత సీలెంట్‌తో మూయండి, బయటి గోడల్లో చల్లగాలి దూరేది ఎక్కువగా ప్లగ్గుల చుట్టూనే.

నీళ్ళ పైపులు బయటి గోడలో ఉంటే, నీళ్ళు గడ్డకట్టే చలి ప్రాంతంలో లెక్క మారుతుంది. ఉన్ని అంతా పైపుకీ బయటి తొడుగుకీ మధ్యే ఉండాలి, పైపుకీ గదికీ మధ్య తక్కువ ఉండాలి. గది వేడి పైపుకి అందాలి. రెండువైపులా సమంగా నింపితే పైపు చలివైపుకి దగ్గరై గడ్డకట్టి పగులుతుంది.

సన్నటి అరలకి, స్టడ్‌ల మధ్య నాలుగైదు అంగుళాలే ఉన్నచోట, పొడవునా కోసిన పట్టీ పెట్టండి. గాజు ఉన్ని అయితే ఖాళీ కంటే అరంగుళం వెడల్పు ఎక్కువ. పెద్ద బ్యాట్‌ని మడిచి దూర్చకండి. అంగుళంన్నర కంటే సన్నటి సందుకి ఉన్ని వద్దు, ఫోమ్ కొట్టండి. మూల స్టడ్‌ల వెనక, లోపలి గోడ వచ్చి బయటి గోడకి కలిసేచోట ఉండే గూళ్ళు బోర్డు వేశాక ఎవరికీ అందవు. అవి ఫ్రేము వేసేటప్పుడే నింపాలి.

కాగితం సంగతి కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఇందులో తప్పు చేస్తే వేడి నష్టంతో పోదు, గోడే కుళ్ళుతుంది. బ్యాట్‌కి అంటించే ఈ క్రాఫ్ట్ కాగితం పని తేమను నెమ్మదింపజేయడం. చలికాలంలో గదిలో 21 డిగ్రీల సెల్సియస్, 40 శాతం తేమ ఉంటే ఆ గాలి 7 డిగ్రీల దగ్గర నీరు కక్కుతుంది. గోడ బయటి తొడుగు సున్నా కంటే కింద ఉంటుంది. గది తేమ అక్కడిదాకా చేరితే అక్కడే తడిగా మారుతుంది. అందుకే చలి ప్రాంతంలో కాగితం గది వైపుకి. ఇప్పుడు ఉక్కపోత ప్రాంతం చూడండి. బయట 32 డిగ్రీలు, 70 శాతం తేమ. ఆ గాలి దాదాపు 26 డిగ్రీల దగ్గరే నీరు కక్కుతుంది. లోపల ఏసీ 24లో ఉంది. బయటినుంచి వచ్చే తేమ లోపలి బోర్డు వెనకదాకా వచ్చి, అక్కడ కాగితమో ప్లాస్టిక్ షీటో అడ్డుంటే దాని వెనకే నీరవుతుంది. బయటికి పోయే దారి లేదు, లోపలికి ఆరే దారి లేదు. వినైల్ వాల్‌పేపర్ అంటించినా ఇదే గతి. కాబట్టి ఏసీ ప్రాంతంలో లోపలివైపు ప్లాస్టిక్ షీటు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. చలీ ఉక్కా రెండూ గట్టిగా ఉన్నచోట, తేమ పెరిగితే తెరుచుకుని తగ్గితే మూసుకునే నైలాన్ తరహా పొరలు దొరుకుతాయి, అవి బాగా పనిచేస్తాయి. మీ ప్రాంతపు భవన నియమాలు దీని గురించి ఏం చెప్తాయో చూడకుండా కొనకండి.

కాగితం స్టేప్లర్‌తో కొట్టే పద్ధతులు రెండు. స్టడ్ ముఖం మీద కాగితం అంచు పరిచి కొట్టడం ఒకటి, స్టడ్ లోపలి పక్కన కొట్టడం ఇంకొకటి. బోర్డు వేసేవాళ్ళు రెండోదే అడుగుతారు, వాళ్ళకి స్టడ్ ముఖం శుభ్రంగా కావాలి. కానీ పక్కకి కొట్టినప్పుడు కాగితం లోపలికి లాగబడి, ప్రతి స్టడ్ పక్కనా పైనుంచి కిందదాకా ఒక కాలువ ఏర్పడుతుంది. వీలైతే ముఖం మీదే కొట్టండి, ఆరు నుంచి ఎనిమిది అంగుళాలకొకటి, కాగితం ముడత లేకుండా. పక్కకే కొట్టక తప్పకపోతే అంచుకి వీలైనంత దగ్గరగా కొట్టండి, ఉన్నిని లాగకుండా. నా అభిప్రాయం అడిగితే, తేమను ఆపే పని వేరే పొరకి అప్పగించి, గోడలో కాగితం లేని బ్యాట్ పెట్టడమే మేలు. వెడల్పు ఒత్తిడికే అది నిలబడుతుంది. సందు ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది, కాగితం దాన్ని దాచేస్తుంది. ఇంకొకటి, కాగితం మండుతుంది. పైన బోర్డు కప్పకుండా గరాజులోనో అటకలోనో కాగితం బయటికి కనిపించేలా వదలకూడదు.

అటకకి వద్దాం. జాయిస్ట్‌ల (సీలింగునో నేలనో మోసే అడ్డదూలాల) మధ్య మొదటి పొర, జాయిస్ట్ ఎత్తుకి సమంగా. దాని మీద రెండో పొర అడ్డంగా, జాయిస్ట్‌లను కూడా కప్పుతూ. రెండో పొరకి కాగితం ఉండకూడదు, మధ్యలో తేమ చిక్కుకుంటుంది. చూరు దగ్గర రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, బ్యాట్‌ని చూరు దాకా తోసి గాలిదారి మూసేయడం. దీనికి ముందే ప్రతి రాఫ్టర్ (కప్పును మోసే వాలు చెక్క) అరలో బాఫిల్, అంటే గాలిదారిని తెరిచి ఉంచే పలక, బిగించాలి. కప్పు చెక్కకీ బాఫిల్‌కీ మధ్య కనీసం అంగుళం, వీలైతే రెండంగుళాలు గాలి ఆడాలి. రెండోది, గాలిదారి మూసుకుపోతుందన్న భయంతో బ్యాట్‌ని అడుగు దూరంలోనే ఆపేయడం. అప్పుడు గోడ పై ప్లేటు చలికి నగ్నంగా ఉండి, గదిలో సీలింగు అంచు వెంట నల్లటి గీత పడుతుంది. బ్యాట్ గోడ పై ప్లేటును పూర్తిగా కప్పాలి. బయటి గాలి ఉన్నిలోకి నేరుగా కొట్టకుండా చూరు వైపు ఒక బోర్డు ముక్కతో అడ్డుకట్ట కట్టాలి.

సీలింగులో దిగేసిన లైట్లుంటే వాటి మీద రాసింది చదవండి. ఇన్సులేషన్ తగలొచ్చని గుర్తించే ఐసీ ముద్ర ఉంటే కప్పేయొచ్చు. లేకపోతే చుట్టూ 3 అంగుళాలు వదలాలి, పైన కప్పకూడదు. ఆ ఖాళీ మొత్తం వేడి పోయే చిమ్నీ అవుతుంది కాబట్టి, ఆ లైటునే ఐసీ ముద్రున్న దానితో మార్చేయడం ఉత్తమం. బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం అటకలోకి వదిలి ఉంటే బ్యాట్‌లు పరవకముందే దాన్ని కప్పు బయటికి తీయించండి.

అటకలోకి ఎక్కే మూతను అందరూ మరిచిపోతారు. వెయ్యి చదరపు అడుగుల ఆర్-38 అటకలో ఐదు చదరపు అడుగుల మూత ఉత్త ప్లైవుడ్‌గా, ఆర్-1.5 దగ్గర ఉంటే, అదొక్కటే సీలింగు మొత్తంలోంచి పోయే వేడిని సుమారు 12 శాతం పెంచుతుంది. మూత మీద ఫోమ్ బోర్డు పొరలు అంటించి, చట్రం చుట్టూ రబ్బరు పట్టీ వేయండి.

నేల కింద బ్యాట్ పెట్టేటప్పుడు, అంటే కింద ఖాళీ ఉన్న ఇంట్లో, ఒక్కటే గుర్తుంచుకోండి: ఉన్ని పై నేలచెక్కని అంటి ఉండాలి. జాయిస్ట్ లోతు పది అంగుళాలు, బ్యాట్ ఆరు, దాన్ని జాయిస్ట్ కింది అంచు దగ్గర వేలాడదీస్తే పైన నాలుగంగుళాల ఖాళీలో చల్లగాలి తిరుగుతుంది, నేల చల్లగానే ఉంటుంది. తీగ కమ్మీలతో పైకి ఎత్తి పట్టించాలి, 12 నుంచి 18 అంగుళాలకొకటి. కమ్మీ బ్యాట్‌ని మరీ నలిపేలా వంచొద్దు. చలి ప్రాంతంలో కాగితం పైకి. కిందికి కాగితం పెట్టి స్టేపుల్ కొట్టడం సులువు కాబట్టి చాలామంది అలాగే చేస్తారు, అది తలకిందులు.

నేల అంచున, జాయిస్ట్‌ల చివర్లను మూసే రిమ్ జాయిస్ట్ గూళ్ళలో బ్యాట్ ముక్కలు కుక్కకండి. వెనక చెక్క చల్లబడి, లోపలి గాలి ఉన్నిలోంచి సులువుగా చేరి అక్కడ తడి పడుతుంది. రెండంగుళాల ఫోమ్ బోర్డు ప్రతి గూడుకీ చుట్టూ పావు అంగుళం తక్కువగా కోసి పెట్టి, అంచులు ఫోమ్‌తో మూయండి.

పని మొదలుపెట్టేముందు ఇల్లు పాతదైతే రెండు చూడాలి. అటకలో మెరిసే పొరలున్న గులకరాళ్ళలాంటి వదులు ఇన్సులేషన్ ఉంటే అది వర్మిక్యులైట్ కావచ్చు, దాంట్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. కదిలించకుండా పరీక్ష చేయించండి. పింగాణీ బిళ్ళల మీద విడివిడిగా సాగే పాతకాలపు వైరింగు ఉంటే దాన్ని బ్యాట్‌తో కప్పకూడదు, వేడి పోయే దారి ఉండదు. ముందు వైరింగు మార్చాలి. ఇల్లు కొత్తదైనా ఫ్రేము చెక్క తేమ 19 శాతం లోపు ఉందో లేదో మీటరుతో చూశాకే గోడ మూయండి. తడి చెక్కను ఉన్నితో కప్పేస్తే అది ఆరేదాకా బూజుకి ఆహారం.

ఒంటికి రక్షణ: పొడుగు చేతుల చొక్కా, మణికట్టు మీదుగా గ్లోవ్స్, కళ్ళద్దాలు, ఎన్95 మాస్కు, అటకలో టోపీ. పని అయ్యాక ముందు చన్నీళ్ళతో కడుక్కోండి, రుద్దకుండా. బట్టలు విడిగా ఉతకండి. క్యాన్సర్ భయం గురించి ఎవరైనా అంటే, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2001లో ఇన్సులేషన్ గాజు ఉన్నినీ రాతి ఉన్నినీ మనుషుల్లో క్యాన్సర్ కారకంగా వర్గీకరించలేని మూడో వర్గంలోకి మార్చింది. దురదా దగ్గూ మాత్రం నిజం, మాస్కు మానకండి.

ఎంత కొనాలో లెక్క: గోడల వైశాల్యంలోంచి కిటికీలూ తలుపులూ తీసేయండి, మిగిలినదాన్ని మూట మీద రాసిన చదరపు అడుగులతో భాగించండి. 15 బై 93 అంగుళాల బ్యాట్‌లు 11 ఉన్న మూట 106.56 చదరపు అడుగులు. కోతలో పోయేదానికి 5 నుంచి 10 శాతం కలపండి. మిగిలిన ముక్కలు పారేయకండి, సన్నటి అరలకి అవే.

ఇక మీరు పెట్టేసిన ఆ గోడ. గదిలో లైట్లు ఆపేసి, టార్చిని గోడకి ఆనించి పక్కనుంచి వేయండి. ఉబ్బులూ పల్లాలూ నీడలుగా బయటపడతాయి. పై అంచులో రెండంగుళాల ఖాళీ ఉంటే అక్కడ చిన్న ముక్క కుక్కడం వద్దు, బ్యాట్ తీసి సరైన పొడవుది పెట్టండి. పక్కన సందు ఉంటే ఆ బ్యాట్ ముందుకి లాగి మళ్ళీ సర్దితే చాలాసార్లు మూసుకుంటుంది. వైర్ల దగ్గర మాత్రం ప్రతి అరా బయటికి తీసి చూడండి, ముందునుంచి చూస్తే వెనక గూడు తెలియదు. కాగితం చిరిగినచోట టేపు వేయండి. అంతా సరిగ్గా ఉందనిపించాక టేపు కొలత పక్కన కనబడేలా ప్రతి గోడకీ ఫోటో తీసి పెట్టుకోండి, వైరు ఎక్కడ, పైపు ఎక్కడ అని రేపు మేకు కొట్టేటప్పుడు పనికొస్తుంది. బోర్డు వేశాక అనుమానం మిగిలితే, లోపలికీ బయటికీ కనీసం 10 డిగ్రీల తేడా ఉన్న రోజు తెల్లవారుజామున ఇన్‌ఫ్రారెడ్ కెమెరా అద్దెకి తెచ్చి చూడండి. ఎండ పడ్డ గోడ మీద చూస్తే ఏమీ తేలదు.